కొరియా స్త్రీలలో వందకు ఆరుగురే సిగరెట్ తాగుతారన్న లెక్కను ఎంతవరకు నమ్మవచ్చు?

ప్రశ్న అడిగినవారు: శ్రీసిటీ అనువాదకురాలు, తిరుపతి

అందరికీ నమస్కారం. నేను తిరుపతిలో ఉంటూ శ్రీసిటీలోని ఒక కొరియా సంస్థకు రోజూ బస్సులో వెళ్ళి వస్తుంటాను. వారి మాటను తెలుగులోకి, మన మాటను కొరియన్‌లోకి మార్చి చెప్పడం నా ఉద్యోగం. గత నెలలో కార్మికుల ఆరోగ్య శిక్షణకోసం పొగాకు మీద ఒక పాఠం తయారుచేయమన్నారు. అందులో కొరియా సంగతి కూడా నాలుగు ముక్కలు చేర్చుదామని ఆ దేశపు జాతీయ ఆరోగ్య, పోషకాహార సర్వే అంకెలు తిరగేశాను. 1998లో అక్కడి వయోజన పురుషుల్లో 66.3 శాతం మంది సిగరెట్ తాగేవారు. 2023 నాటికి అది 32.4 శాతానికి దిగింది. స్త్రీల అంకె మాత్రం 1998లో 6.5, 2023లో 6.3. పాతికేళ్ళలో మగవాళ్ళ సంఖ్య సగానికి పడిపోతే, ఆడవాళ్ళ సంఖ్య ఇంచుమించు ఉన్నచోటే ఉండటం ఏమిటో నాకు బోధపడలేదు.

దీనికి తోడు నేను కళ్ళారా చూసింది ఒకటుంది. మా ఆఫీసు వెనుక జనరేటర్ షెడ్డుకూ ప్రహరీ గోడకూ మధ్య ఒక మనిషి పట్టేంత సందు ఉంది. ఒకరోజు భోజనాల తర్వాత అటు వెళ్ళాను. సియోల్ నుంచి వచ్చి ఇక్కడ పనిచేస్తున్న ఒక అధికారిణి, నలభై ఏళ్ళుంటాయి, అక్కడ నిలబడి ఉన్నారు. పైన వేసుకున్న స్వెటరు విప్పి ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూతి ముడి వేశారు. జుట్టు పైకి చుట్టి క్లిప్పు పెట్టుకున్నారు. వేళ్ళకు వాసన అంటకుండా సిగరెట్‌ను అన్నం తినే చెక్కపుల్లల మధ్య ఇరికించి తాగుతున్నారు. నన్ను చూసి ఉలిక్కిపడి, ఆరిపోయిన ముక్కను టిష్యూలో చుట్టి జేబులో పెట్టుకుని, చేతులకు క్రీము రాసుకుంటూ, "మావాళ్ళకు చెప్పకండి" అన్నారు. మావాళ్ళంటే ఎవరో కాదు; గేటు పక్కన అందరూ చూస్తుండగా గుంపుగా నిలబడి తాగే కొరియా మగ ఉద్యోగులే.

ఆ 6.3 శాతంలో ఈమె ఉన్నారా, లేరా? అంత దాపరికం పాటిస్తూ కూడా మానలేకపోవడానికి కారణాలేమిటి? తెలిసినవారు వివరంగా రాస్తే పాఠంలో తప్పు చెప్పకుండా జాగ్రత్తపడతాను.

జవాబు 1: సామాజిక వైద్యురాలు, తిరుపతి

అమ్మా, ముందు ఆ అంకె ఎలా వస్తుందో చెబుతాను. జీవితంలో కనీసం ఐదు పెట్టెలు, అంటే 100 సిగరెట్లు, తాగి ఉండి ఇప్పటికీ తాగుతున్నవారిని ఆ సర్వేలో పొగతాగేవారిగా లెక్కిస్తారు. ఆధారం వారు తమ గురించి తాము చెప్పుకున్న మాట. మగవాడికి ఈ మాట చెప్పడంలో పోయేదేమీ లేదు. స్త్రీకి మాత్రం చాలానే పోతుంది. అందువల్ల ఒకే ప్రశ్న ఇద్దరినీ ఒకే రీతిలో కొలవదు.

ఈ అనుమానాన్ని అక్కడి పరిశోధకులే తీర్చారు. శరీరంలోకి వెళ్ళిన నికోటిన్ విరిగి కొటినిన్ అనే పదార్థంగా మారి, రెండు మూడు రోజులపాటు మూత్రంలో కనిపిస్తుంది. పక్కవారి పొగ పీల్చినా కొద్దిపాటి కొటినిన్ వస్తుంది గనుక, ఒక మోతాదు దాటిన వారినే పొగతాగేవారుగా పరిగణిస్తారు. 2008 జాతీయ సర్వేలో పాల్గొన్నవారి మూత్రంలో ఈ కొటినిన్‌ను కొలిచి, వారు నోటితో చెప్పిన జవాబుతో పోల్చి చూశారు. పురుషుల్లో రెండు అంకెలకూ తేడా స్వల్పం. స్త్రీలలో పరీక్ష చూపిన సంఖ్య వారు చెప్పిన సంఖ్యకు రెండింతలకు మించి ఉంది. అంటే తాగే ప్రతి ఇద్దరు ముగ్గురు స్త్రీలలో ఒకరు మాత్రమే ఆ సంగతి ఒప్పుకున్నారన్నమాట. మీరు చూసిన అధికారిణి 6.3 శాతంలో లేకపోయే అవకాశమే ఎక్కువ.

ఇది కొరియా వాళ్ళ గుణమని మనం అనుకోకూడదు. నిరుడు మా ఓపీకి నోటిలో తెల్లమచ్చతో ఒక అవ్వ వచ్చింది. పొగాకు అలవాటుందా అని అడిగితే, పక్కనున్న కొడుకు "మా యమ్మకు అట్లాంటివేమీ లేవు మేడమ్" అన్నాడు. అతణ్ణి చీటీ రాయించుకు రమ్మని పంపి, "అవ్వా, ఆకు వక్క వేస్తావా? అందులోకి ఏమేం పెట్టుకుంటావు?" అని అడిగాను. ఆమె కొంగుముడి విప్పి, పొగాకు తుంచి అరచేతిలో పెట్టి చూపించింది. ఆమె అబద్ధం ఆడలేదు, అసలు ఆమెను ఎవరూ అడగలేదు. 2016–17 జాతీయ పొగాకు సర్వే ప్రకారం మన దేశంలో పొగతాగే స్త్రీలు 2 శాతమే; నమిలే, పీల్చే, పళ్ళకు రుద్దుకునే పొగాకు వాడే స్త్రీలు 12.8 శాతం. మన రాష్ట్రంలోనే శ్రీకాకుళం వైపు ఆడవాళ్ళు చుట్ట నిప్పును నోటిలోపలికి పెట్టుకుని అడ్డపొగ తాగడం, దానివల్ల అంగిలికి పుండు, క్యాన్సర్ రావడం విశాఖ వైద్యులు దశాబ్దాలుగా రాస్తున్న విషయం. కాబట్టి మీ పాఠంలో "ఆడవాళ్ళు తాగరు" అన్న వాక్యాన్ని కొరియాకూ రాయకండి, మనకూ రాయకండి.

జవాబు 2: విశ్రాంత ఉపాధ్యాయుడు, చిత్తూరు

డాక్టరమ్మ గారి లెక్కను కాదనను. అయితే కారణాల విషయంలో నాదొక మాట. అమెరికా వ్యాపార ఒత్తిడికి తలొగ్గి 1988లో కొరియా తన సిగరెట్ మార్కెట్‌ను విదేశీ కంపెనీలకు తెరిచిందని చదివాను. అంతకుముందు అది ప్రభుత్వ గుత్త వ్యాపారం. పద్ధతిగా పెరిగిన ఆడపిల్లలకు ఈ అలవాటు బయటినుంచి వచ్చిన నాగరికతతోనే అంటుకుందని నా అభిప్రాయం. మన పిల్లలు కూడా ఈమధ్య ఆ దేశపు సీరియళ్ళు, పాటలు తెగ చూస్తున్నారు గనుక నాకు భయంగానే ఉంది.

జవాబు 3: పుత్తూరు నుంచి సియోల్‌కు

అయ్యవారికి నమస్కారం. మాది పుత్తూరు. ఎనిమిదేళ్ళు సియోల్‌లో ఉండి నిరుడే తిరిగి వచ్చాను. 1988 గురించి మీరన్నది నిజమే. విదేశీ కంపెనీలు అడుగుపెట్టాక ప్రచారపు పోటీ పెరిగింది. స్త్రీల పత్రికల్లో సిగరెట్ ప్రకటన వేయకూడదన్న నిషేధం అక్కడి చట్టంలో ఉన్నా, సన్నని సిగరెట్లు, పండ్ల వాసన, పుదీనా వాసన సిగరెట్లు ఎవరిని ఉద్దేశించి వచ్చాయో ఊహించడం కష్టం కాదు. అయితే ఆ సన్న సిగరెట్లను ఇప్పుడు మగవాళ్ళూ విరివిగా కొంటున్నారు. 1996లో వచ్చిన ఎస్సె అందుకు ఉదాహరణ.

కానీ అలవాటు బయటినుంచి ఈమధ్య వచ్చిందన్నది చరిత్రకు నిలవదండీ. పొగాకు కొరియాకు పదిహేడో శతాబ్దం తొలినాళ్ళలోనే జపాన్ మీదుగా చేరింది. 1653లో జెజు ద్వీపం దగ్గర ఓడ పగిలి, పదమూడేళ్ళు ఆ దేశంలో చిక్కుకుపోయిన డచ్చి నావికుడు హెండ్రిక్ హమెల్, అక్కడ మగవారూ ఆడవారూ చివరకు నాలుగైదేళ్ళ పిల్లలూ పొగతాగుతున్నారని రాశాడు. పాతకాలపు చిత్రకారుడు షిన్ యున్‌బోక్ గీసిన బొమ్మల్లో కిసెంగ్ స్త్రీలు, అంటే ఆటపాటలతో వినోదపరిచే స్త్రీలు, పొడవాటి పొగగొట్టం పట్టుకుని కూర్చుని ఉంటారు. ఆ కాలపు కట్టుబాటు పొగను పూర్తిగా వద్దనలేదు, ఎవరి ఎదుట తాగకూడదో చెప్పింది. తనకన్నా పెద్దవాడికి ఎదురుగా తాగడాన్ని మత్‌దంబే అంటారు. అది ఇప్పటికీ పెద్ద అమర్యాదే. మన ఊళ్ళలో పెద్దాయన ఎదురైతే బీడీని వెనక్కి దాచినట్టే అనుకోండి. స్త్రీకి ఇంట్లో అందరూ పెద్దవాళ్ళే అయినప్పుడు ఆమె తాగడానికి చోటెక్కడిది? అత్తగారిగా ఎదిగి, ముసలితనం వచ్చాకే ఆ చోటు దొరికేది. అందుకే 1990ల సర్వేల్లో కూడా పొగతాగే కొరియా స్త్రీలలో ముసలమ్మలదే పైచేయి. ఇప్పుడది తలకిందులైంది, ఇరవై ముప్పై ఏళ్ళ వారిలోనే ఎక్కువ.

కాబట్టి మీరు చూస్తున్న ఆ స్థిరమైన ఆరు శాతం లోపల మనుషులు మారిపోయారు. ఒక తరం ముసలమ్మలు వెళ్ళిపోతుంటే, ఇంకో తరం యువతులు ఆ చోటుకు వస్తున్నారు. అంకె మాత్రం కదలనట్టు కనిపిస్తోంది.

యువతుల విషయంలో ఇబ్బంది ఏమిటంటే, ముసలమ్మ తాగితే జాలి చూపిన సమాజమే పిల్ల తాగితే నడత చెడిందంటుంది. నేను పనిచేసిన వీధిలో రెండు భవనాల మధ్య ఒక సందు ఉండేది. మగవాళ్ళు సందు మొదట్లో రోడ్డువైపు చూస్తూ తాగేవారు. ఆడవాళ్ళు లోపలికంటా వెళ్ళి, గోడకు ముఖం పెట్టి తాగేవారు. దారినపోయే ముసలాయన ఎవరైనా "పెళ్ళికావలసిన పిల్లవు, బిడ్డను కనాలని లేదా" అని అరిచిపోవడం నేను విన్నాను. పక్కనే తాగుతున్న కుర్రాణ్ణి ఆయన ఒక్క మాట అనలేదు. ఎదుటివారి చూపును పసిగట్టి మసలుకోవడాన్ని వాళ్ళు నున్‌చి అంటారు. తాగే స్త్రీ పొద్దున లేచింది మొదలు ఆ లెక్కలోనే బతుకుతుంది.

2015 జనవరి 1న రెండు మార్పులు ఒక్కసారే వచ్చాయి. పెట్టె ధర 2,500 వోన్ల నుంచి 4,500 వోన్లకు పెరిగింది; చిన్నా పెద్దా తేడా లేకుండా హోటళ్ళు, కాఫీ దుకాణాలన్నిటిలో పొగ నిషేధమైంది. ప్రజారోగ్యానికి రెండూ మంచి నిర్ణయాలే, నేను సమర్థిస్తాను. అయితే కాఫీ దుకాణంలో అద్దాల గదిలో కూర్చుని తాగే స్త్రీకి ఆ కూర్చునే చోటు పోయింది. ఆమె వీధిలోకైనా రావాలి, మరింత లోపలికైనా దాక్కోవాలి. 2017లో పొగాకును కాల్చకుండా వేడిచేసే పరికరాలు వచ్చాయి. వాసన తక్కువ గనుక దాచుకోవలసిన అవసరం ఉన్నవారికి అవి బాగా అందివచ్చాయి. వాటిని మాత్రమే వాడే స్త్రీ, మీరు చూసిన సిగరెట్ లెక్కలోకి అసలు రాదు.

జవాబు 4: పలమనేరు ఆడపడుచు

నేను పరిశోధకురాలిని కాను, ఇక్కడ రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. మాది పలమనేరు. డిగ్రీ అయ్యాక బెంగళూరులో ఒక కాల్ సెంటర్‌లో నాలుగేళ్ళు పనిచేశాను. సిగరెట్ తాగాను, మానేశాను. ఆ అధికారిణిని గురించి చదువుతుంటే స్వెటరు సంచి దగ్గరే ఆగిపోయాను. నాది చున్నీ. పలమనేరు బస్సు ఎక్కేముందు దాన్ని మార్చుకునేదాన్ని.

ఎందుకు మొదలైందంటే ఒక్క కారణం చెప్పలేను గానీ, చోటు మాత్రం చెప్పగలను. మాకు మంచినీళ్ళకూ బాత్రూమ్‌కూ నిమిషాలు లెక్కపెట్టేవారు. సిగరెట్ తాగడానికి కిందికి దిగితే మాత్రం టీమ్ లీడర్ కూడా తోడొచ్చేవాడు. హెడ్‌సెట్‌లో ఒకడు మీ అమ్మను తిడుతున్నప్పుడు కూడా గొంతులో నవ్వు తగ్గకూడదు. ఫోన్ పెట్టిన మరుక్షణం ఇంకో ఫోన్ వచ్చేది. ఆ రెంటి మధ్య ఒక్క ఊపిరి గట్టిగా పీల్చి వదలడానికి నాకు దొరికిన నెపం సిగరెట్. ఏడవడానికి కిందికి వెళతానంటే ఎవరూ ఒప్పుకోరు కదా.

కొరియాలో దీనికి ఒక పేరుందని తరవాత తెలిసింది. కమ్‌జోంగ్ నోదోంగ్, అంటే మనసును అణచుకుని ముఖం నవ్వుతూ ఉంచే శ్రమ. కాల్ సెంటర్లు, పెద్ద దుకాణాల కౌంటర్లు, ఇలాంటి పనుల్లో అక్కడ ఎక్కువమంది స్త్రీలే. కొనుగోలుదారుల తిట్లనుంచి ఇలాంటి ఉద్యోగులను కాపాడే బాధ్యత యజమానిదేనని 2018 అక్టోబరులో అక్కడ చట్టం అమల్లోకి వచ్చింది. చదువు, రాబడి తక్కువున్న స్త్రీలలో, విడాకులు తీసుకుని ఒంటరిగా నెట్టుకొస్తున్న వారిలో, మనసు కుంగిన వారిలో పొగ ఎక్కువని కొరియా పరిశోధనలు పదేపదే చెబుతున్నాయి. ఫ్యాషన్ కోసం తాగుతారనేవాళ్ళు ఈ ఒక్క సంగతి గమనించాలి.

లావైపోతామన్న భయం కూడా చిన్నదేమీ కాదు. మానేసిన మొదటి ఆరు నెలల్లో నేను ఆరు కిలోలు పెరిగాను. ఒళ్ళు చేశావేమని అడిగినవాళ్ళే తప్ప మానేశావని మెచ్చుకున్నవాళ్ళు లేరు; తాగుతానని ఎవరికీ తెలియకపోతే మానేశానని ఎవరికి చెప్పుకోను?

జవాబు 5: సామాజిక వైద్యురాలు, తిరుపతి

పలమనేరు అమ్మాయి రాసిన చివరి వాక్యం మా వృత్తిలో ఉన్నవారందరూ చదవాలి. కొరియాలో 2005 నుంచి ఊరూరా ఉన్న పోగన్సోలలో, అంటే ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో, పొగ మాన్పించే క్లినిక్‌లను ఉచితంగా నడుపుతున్నారు. కానీ అక్కడికి వెళ్ళి కుర్చీలో కూర్చోవడమంటే ఊరందరి ముందూ ఒప్పుకోవడమే. అందువల్ల 2006లో మొదలైన టెలిఫోన్ సలహా కేంద్రం, 2015 నుంచి పనిచేసే చోటికే సలహాదారులు వచ్చే ఏర్పాటు స్త్రీలకు ఎక్కువ అక్కరకొచ్చేవి. 2016 డిసెంబరులో పెట్టెల మీద బొమ్మల హెచ్చరికలు వచ్చినప్పుడు గర్భిణి బొమ్మ, ముడతలుపడ్డ ముఖం బొమ్మ కూడా వేశారు. నాకు వాటి మీద కొంచెం అభ్యంతరం ఉంది. స్త్రీని బిడ్డనూ అందాన్నీ అడ్డుపెట్టి బెదిరించడమంటే, దారినపోయే ముసలాయన మాటనే ప్రభుత్వం మళ్ళీ చెప్పినట్టవుతుంది. ఆమె ఊపిరితిత్తులు, ఆమె గుండె ఆమెవి కావా?

వైద్యపరంగా ఇంకొక మాట. స్త్రీల శరీరం నికోటిన్‌ను మగవారికన్నా త్వరగా ఖర్చు చేస్తుంది. గర్భనిరోధక మాత్రలు వాడేవారిలో ఇంకా త్వరగా. అందుకే పట్టీలు, చూయింగ్ గమ్ములు మాత్రమే ఇస్తే వారికి చాలకపోవచ్చు. పక్కన మనిషి తోడు, మాట తోడు కావాలి. ముప్పై అయిదు దాటి, పొగతాగుతూ, ఆ మాత్రలు కూడా మింగుతున్నవారికి రక్తం గడ్డకట్టే ప్రమాదం బాగా పెరుగుతుంది. తాగే సంగతి దాస్తే ఆ మాత్రలు రాసిచ్చే డాక్టరుకు ఆ ప్రమాదం తెలియదు. నలభైలోపు మానేసినవారికి పొగవల్ల ముంచుకొచ్చే అకాలమరణ భయం దాదాపు తొంభై శాతం తప్పుతుందని పెద్ద పెద్ద అధ్యయనాలు తేల్చాయి. నలభై దాటాక మానినా మిగిలే ఆయుష్షు తక్కువేమీ కాదు.

అనువాదకురాలికి ఒక సూచన. ఆ అధికారిణితో మీకు చనువు ఉంటే, ఎన్ని తాగుతారని అడగకండి, అది నిలదీసినట్టుంటుంది. పొద్దున లేచిన ఎంతసేపటికి మొదటిది వెలిగిస్తారని అడగండి. ఒంటికి అది ఎంత పట్టుబడిందో ఆ ఒక్క జవాబు చాలావరకు చెబుతుంది.

జవాబు 6: శ్రీసిటీ అనువాదకురాలు, తిరుపతి

అందరికీ కృతజ్ఞతలు. పాఠంలో ఆ 6.3 శాతాన్ని తీసేయలేదు. దాని కింద 2008 మూత్రపరీక్ష సంగతి రాసి, తర్వాత మన ఆకు వక్క సంగతి చేర్చాను. కార్మికుల్లో ఆడవాళ్ళే ఎక్కువ. పొగాకు అంటే సిగరెట్ ఒక్కటే కాదని చెప్పినప్పుడు, వెనుక వరుసలో ఇద్దరు ముగ్గురు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. శిక్షణ అయ్యాక వారిలో ఒకామె నా దగ్గరికి వచ్చి, పళ్ళకు నశ్యం రుద్దుకోవడం కూడా ఇందులోకే వస్తుందా అని మెల్లగా అడిగింది.

అధికారిణిని శుక్రవారం బస్సులో అడిగాను. డాక్టరమ్మ చెప్పిన ప్రశ్ననే అడిగాను. ఆమె కిటికీలోంచి కాసేపు చూసి, "సియోల్‌లోనా, ఇక్కడా?" అన్నారు. సియోల్‌లో అత్తగారితో ఉంటారట. పొద్దున ఆరుకు లేచి, అందరికీ వండిపెట్టి, రైలు దిగి ఆఫీసు చేరేలోపు దారిలో ఒక పార్కింగ్ స్థలం వెనుక తాగేవారట. అంటే రెండున్నర గంటలు. తిరుపతిలో అద్దె గదిలో ఒంటరిగా ఉన్నప్పటినుంచి కళ్ళు తెరిచిన ఐదు నిమిషాలకే వెలిగిస్తున్నానని, ఇంత పట్టుబడిందని తనకే తెలియలేదని చెప్పారు. వచ్చే సోమవారం ఓపీకి తీసుకొస్తాను డాక్టరమ్మా. మాట మార్చి చెప్పడానికి నేనొక్కదాన్నే లోపలికి వస్తాను. కంపెనీ నుంచి ఇంకెవరినీ తోడు తీసుకురావద్దని ఆమె ముందే అడిగారు.